పంతొమ్మిది తర్వాత

కుట్టు గది నుంచి,
ఆదివారం మధ్యాహ్నం

తమ్ముడూ,

నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎత్తకపోతే ఊరుకుంటాననుకున్నావా? ఉత్తరమైతే గుమ్మంలో పడి ఉంటుంది, కాలికి తగులుతుంది, వంగి తీయక చస్తావా? అందుకే రాస్తున్నాను.

మా వాడు పోయి ఇరవై రెండు రోజులైంది. వ్యానులోంచి వాణ్ణి దించిన రోజు నువ్వు వచ్చావు. గేటు దగ్గర నిలబడ్డావు, లోపలికి రాలేదు. నేను చూశాను గానీ, ఆ రోజు ఎవరినీ పిలిచే ఓపిక నాకు లేదు. వెళ్ళేటప్పుడైనా చెప్పి వెళ్ళాల్సింది. నీకూ బాధ ఉంటుంది, కాదనను. ఒకే బడి, ఒకే హాస్టలు, ఒకే లాండ్రీలో పని, ఒకే గదిలో రెండు మంచాలు. తోడబుట్టిన నాకంటే నువ్వే వాడితో ఎక్కువ బతికావు.

అందుకే అడుగుతున్నాను. హాస్టల్లో మీ రోజుల గురించి రాయి. సెలవులకి వచ్చినప్పుడు వాడి వీపు మీద వాతలు ఉండేవి. ఒకసారి ముందు పన్ను సగం విరిగి వచ్చాడు. ఏంట్రా ఇది అంటే, 'కుళాయికి కొట్టుకున్నా' అన్నాడు. అమ్మ నమ్మింది. నేను నమ్మలేదు, కానీ గుచ్చి గుచ్చి అడగలేదు. ఇప్పుడు మిషను తొక్కుతుంటే ఆ పన్నే కళ్ళముందు ఆడుతోంది. అడిగి ఉండాల్సింది.

ఇంకో మాట. 'తడి నేల మీద జారి పడ్డాడు, తలకి దెబ్బ తగిలింది' అని మీ లాండ్రీ వాళ్ళు కాగితం పంపారు. వచ్చే నెల కార్మిక అధికారి విచారణ చేస్తారట. నన్ను రమ్మన్నారు. వెళ్ళి ఏం చెప్పను? జారిపడటం నేను చూడలేదు. నువ్వు చూశావా?

వేళకి తిను.
అక్క

---

సైకిల్ షాపు పైగది,
బుధవారం

అక్కా,

ఫోన్ ఎత్తనందుకు తిట్టు, పడతాను. నీ గొంతు వింటే నాకు మాట పెగలదని భయం. కాగితమైతే ఆగి ఆగి రాసుకోవచ్చు.

హాస్టల్ సంగతి అడిగావు. పై తరగతి వాళ్ళు ముగ్గురు ఉండేవాళ్ళు. పెద్దవాణ్ణి మేం చాటుగా దున్న అనేవాళ్ళం. వాళ్ళు మాతో ఆడే ఆటకి 'వాన' అని పేరు. ఆదివారం పొద్దున వార్డెన్ బజారుకి వెళ్ళగానే స్నానాల గదిలో మొదలయ్యేది. తువ్వాలుని బకెట్లో ముంచి, తాడులా మెలిపెట్టి, చివర గట్టిగా ముడి వేసేవాళ్ళు. అది ఒంటిమీద పడితే అంగుళం వెడల్పున ఎర్రటి పట్టీ లేచేది. ముడి తగిలిన చోట కోటు గుండీ అంత ఉబ్బేది. తడి బట్ట కాబట్టి చర్మం చిట్లదు. లోపల మాత్రం వారం రోజులు సలుపుతుంది.

నేను బక్కగా, గోడవారగా నడిచేవాణ్ణి. నన్ను బల్లి అనేవాళ్ళు. ఆ ఏడు మొదటి వాన నామీదే కురిసింది. తొమ్మిదో దెబ్బకో పదో దెబ్బకో నేను నేల మీద పడి, చేతులు తలమీద పెట్టుకుని, అమ్మా అమ్మా అని ఏడుస్తున్నాను. పక్క గదిలో సబ్బు రుద్దుకుంటున్నవాడు ఒళ్ళంతా నురగతో, నడుముకి తుండు చుట్టుకుని లోపలికొచ్చాడు. మన వాడే. అప్పటికి వాడికీ నాకూ మాటలే లేవు.

"వాణ్ణి వదిలేయండి," అన్నాడు.

"వదిలేస్తే ఎవణ్ణి కొట్టాలి? నీ తాతనా?" అన్నాడు దున్న.

"నన్ను కొట్టండి. కాకపోతే నేను లెక్కపెడతా."

ముగ్గురూ పగలబడి నవ్వారు. నవ్వరా మరి! ఎక్కాలు రాక రోజూ బెంచీ ఎక్కి నిలబడేవాడు లెక్కపెడతాడట! ఆ పూటనుంచే వాడికి 'ఎక్కం' అని పేరు స్థిరపడింది.

మొదటి దెబ్బ మెడ మీద పడింది. "ఒకటి," అని అరిచాడు. ఏడుపు కాదక్కా, హాజరు పలికినట్టు అరిచాడు. రెండు, మూడు, నాలుగు. అయిదో దెబ్బకి సబ్బు నీళ్ళలో కాలు జారి, మొహం వెళ్ళి ఇనప కుళాయికి కొట్టుకుంది. పన్ను విరిగి తూములో పడింది. మూతంతా రక్తం. నీకు వాడు చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. లేచి, రక్తం ఉమ్మి, "ఆరు!" అన్నాడు. అది దెబ్బ పడకముందే అన్నాడు, తొందరగా కానివ్వండి అన్నట్టు. నాకేమైందో తెలీదు, కిందపడి ఉన్నవాణ్ణి ఉన్నట్టే "ఏడు" అన్నాను. బయట బకెట్లతో వరసలో నిలబడ్డ వాళ్ళెవరో "ఎనిమిది" అన్నారు. తొమ్మిదికి నలభై గొంతులు. గోడలు అదిరాయి. వంటాయన గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. పన్నెండు దగ్గర దున్న చెయ్యి లేవనే లేదు. తువ్వాలు అక్కడే పడేసి పోయాడు.

ఆ మధ్యాహ్నం పెదవి ఇంతలావున వాచి, అన్నం ముద్ద మింగలేక తంటాలు పడుతూ వాడు నాతో అన్నాడు: "ఒక్కడు లెక్కపెడితే అది ఏడుపే. పక్కనుంచి ఇంకో గొంతు కలిస్తే కొట్టేవాడి చెయ్యి వణుకుతుంది. గుర్తుంచుకో. నేను లెక్కపెడుతుంటే నువ్వు అందుకోవాలి." హాస్టల్లో ఉన్న అయిదేళ్ళూ ప్రతిసారీ అందుకున్నాను.

విచారణ సంగతి నాకేం తెలీదక్కా. అక్కడ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

నీ తమ్ముడు

---

కుట్టు గది,
మంగళవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. 'నీ తాతనా' దగ్గర గట్టిగానే నవ్వాను, కాజాలు కుట్టే పిల్ల తలెత్తి చూసింది. రెండోసారి ఏడ్చాను. పన్ను విరిగిన నోటితో అన్నం తిన్నాడన్న చోట.

మూడోసారి చదివినప్పుడు చేతిలో కత్తెర కింద పెట్టేశాను.

వాడికి ఆఖరి స్నానం నేనే చేయించాను. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. చిన్నప్పుడు ఒళ్ళు రుద్దినదాన్ని నేనే కదా. ఇరవై ఏళ్ళుగా మెడలో టేపు వేసుకుని బతుకుతున్నాను, చూపుతోనే కొలత చెప్పేస్తాను. వాడి వీపు మీద, భుజాల మీద, అడ్డం పెట్టుకున్న మోచేతుల మీద పట్టీలు ఉన్నాయి. అన్నీ అంగుళం వెడల్పే. ప్రతి పట్టీ చివర గుండీ అంత ఉబ్బు. ఏంటివి అని మీ వ్యాను తెచ్చిన వాళ్ళని అడిగితే, పడ్డప్పుడు మెట్ల అంచులు తగిలాయన్నారు. నాకు బుర్ర పనిచేయలేదు. ఎందుకో గానీ నీళ్ళు పోస్తూ లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. తల వెనక పగిలింది వేరే.

జారిపడినవాడికి ముప్పై నాలుగు దెబ్బలు ఎలా తగులుతాయి? చివర్లో ముడి ఎక్కణ్ణుంచి వచ్చింది? తువ్వాళ్ళు ఉతికే చోట తువ్వాలుకి కరువా?

సూటిగా అడుగుతున్నాను. ఆ రోజు నువ్వు ఎక్కడున్నావు?

అక్క

---

పైగది,
శనివారం

అక్కా,

నేను మురికి బట్టల గదిలో ఉన్నాను. ఆసుపత్రి దుప్పట్లు వచ్చాయి, విడదీస్తున్నాను. మిషన్ల మోతలో పక్కవాడి మాట కూడా వినబడదు. నాకేమీ వినబడలేదు.

నా మాట విని విచారణకి రాకు. వాళ్ళు మంచివాళ్ళు కాదు. మేస్త్రీ చెప్పిందే ఇక్కడ వేదం. నువ్వు ఒంటరిదానివి. పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు.

వాడి పెట్టె, రెండు చొక్కాలు పంపిస్తున్నాను.

తమ్ముడు

---

కుట్టు గది,
శుక్రవారం

బల్లికి,

నిన్న నా కొట్టుకి ఒకావిడ వచ్చింది. జాకెట్టు కొలతలంటూ కూర్చుంది. కుడి చేతికి మోచేతి దాకా కట్టు. కొలతలు తీస్తుంటే చెప్పింది, మీ దగ్గర ఇస్త్రీ రోలరు మీద పనిచేస్తానని, మీరంతా పిన్ని అంటారని. ఆ చేత్తో సగం రోజు బస్సులో కూర్చుని వచ్చింది. నువ్వు రాలేకపోయావు.

పని తొందరగా సాగాలని రోలరుకి ఉన్న అడ్డు కమ్మీ మేస్త్రీ పీకించేశాడట. దుప్పటితో పాటు ఆవిడ వేళ్ళు లోపలికి పోయాయి, మాంసం ఉడికిపోయిందట. 'నా అజాగ్రత్త' అని వేలిముద్ర వెయ్యమని మేస్త్రీ ఆవిడ చెంప పగలగొట్టాడట. మా వాడు వెళ్ళి రోలరు ఆపేసి, దానికి వీపు ఆనించి నిలబడి, "కమ్మీ బిగించేదాకా ఇది తిరగదు, పిన్ని వేలిముద్రా పడదు," అన్నాడట. మాట్లాడదాం రా అని మేస్త్రీతో కలిపి ముగ్గురు వాణ్ణి బాయిలరు గదిలోకి లాక్కెళ్ళారట.

"అయిదు దాకా విన్నానమ్మా. తర్వాత నన్ను బయటికి గెంటేశారు," అంది. "నీ తమ్ముడు లెక్కపెడుతున్నాడు. గట్టిగా. ఎవరినో పిలుస్తున్నట్టు."

ఎవరినిరా పిలిచాడు?

బాయిలరు గదికీ మురికి బట్టల గదికీ మధ్య ఒక్క రేకు గోడేనట కదా! నీకేమీ వినబడలేదా? ఇంకా ఏదో అడగబోతే ఆవిడ తల దించుకుని, "అది నేను చెప్పకూడదు, బల్లినే అడుగు," అంది. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఈసారి పెట్టెలూ చొక్కాలూ పంపకు. నిజం పంపు.

---

పైగది,
సోమవారం

అక్కా,

'అక్కా' అని రాసే హక్కు నాకు లేదు, అయినా వేరే మాట రావడం లేదు.

అంతా విన్నాను. పదకొండు గంటల వేళ. బాయిలరు గది తలుపు వేసిన చప్పుడు, గడియ పడిన చప్పుడు. బకెట్లో బట్ట ముంచి పిండితే వచ్చే చప్పుడు నాకు తెలుసు. ఆ చప్పుడుకే నా వీపు మీద చెమట పట్టింది. మేస్త్రీ, "మాట్లాడతావా నువ్వు? మాట్లాడు," అన్నాడు. మొదటి దెబ్బ పడింది. మన వాడు, "ఒకటి!" అన్నాడు.

హాస్టల్లో అరిచిన గొంతే. రేకు గోడకి ఆనుకుని, నాకోసమే అరిచాడు. నేను అక్కడే ఉన్నానని వాడికి తెలుసు. రెండు. మూడు. నా నాలుక మీదికి నాలుగు వచ్చింది. బయటికి రానివ్వలేదు, మింగేశాను. ఆరు దగ్గర వాణ్ణి గోడకేసి కొట్టారు, రేకు నావైపు ఉబ్బింది. తొమ్మిది దగ్గర, "లెక్కపెడతావురా కుక్కా," అని పొట్టలో తన్నారు. వాంతి చేసుకున్న చప్పుడు విన్నాను. ఆ తర్వాత "పది" అన్నాడు. పన్నెండు దగ్గర కాసేపు ఆగాడు. దెబ్బలు ఆగలేదు, వాడు ఆగాడు. ఎందుకో నాకు తెలుసు. పన్నెండుకి ఆగిపోవాలి కదా. నలభై గొంతులు రావాలి కదా. ఎవరూ రాలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. గొంతులో రక్తం గరగరలాడుతోంది. పదిహేడు అనేసరికి అది అరుపు కాదు, అడగడం. పద్దెనిమిది. పంతొమ్మిది.

నా పక్కనే ఆరబెట్టే డ్రమ్ము ఉంది. ఖాళీది. అందులో ఒక్క గుడ్డ కూడా లేదు. నేను దాని మీట నొక్కాను.

వాళ్ళని కాపాడాలని కాదక్కా. వాడి గొంతు వినలేక. మోత మొదలైంది. చెవులకి దాని హోరు తప్ప ఇంకేమీ అందలేదు. గోడ మాత్రం అదురుతూనే ఉంది, చేత్తో ముట్టుకుంటే తెలిసేది. ముట్టుకున్నాను. చాలాసేపు అదిరింది. ఆగిన తర్వాత కూడా నేను డ్రమ్ము ఆపలేదు. తలుపు తీసేసరికి వాడు బోర్లా పడి ఉన్నాడు. పక్కన ఆవిరి గొట్టానికి వాడే ఇనప రెంచి. నేల మీద నీళ్ళు కొడుతున్నారు.

వాడు ఎంత దాకా లెక్కపెట్టాడో నాకు తెలీదు. నా మీట చప్పుడు మాత్రం వాడికి వినబడే ఉంటుంది. నా గది మోత అని వాడు పోల్చుకునే ఉంటాడు. అదే నన్ను చంపుతోంది.

రెండో మంచం ఇంకా అలాగే ఉంది. దాని వైపు తిరిగి పడుకోలేను.

బల్లి

---

కుట్టు గది,
గురువారం

నిన్ను క్షమించలేదు. ముందు అది తెలుసుకో. నీ ఉత్తరం చదివాక లేచి వెళ్ళి వాంతి చేసుకున్నాను. ఆ రోజు వాడు చేసుకున్న వాంతి కూడా నా నోట్లోంచే వచ్చినట్టనిపించింది.

వచ్చే గురువారం పదింటికి విచారణ. పిన్ని విన్నది అయిదు. నువ్వు విన్నది పంతొమ్మిది. నేను ఒంటి మీద చూసింది ముప్పై నాలుగు. ఎవరిది వాళ్ళు తెచ్చి అక్కడ పెడితే వాడి లెక్క పూర్తవుతుంది. నువ్వు రాకపోతే 'జారి పడ్డాడు' అన్నదే మిగులుతుంది. నా తమ్ముణ్ణి చేతకానివాడిలా నేల మీద జారనివ్వకు.

నేను వస్తాను. నువ్వు వస్తావో రావో నాకు రాయకు. కుర్చీలో కనబడు, లేదా కనబడకు.

---

ఆసుపత్రి బెంచీ,
బుధవారం సాయంత్రం

అక్కా,

రాయొద్దన్నావు. ఎడమచేత్తో రాస్తున్నాను, వంకరగా ఉంటే సర్దుకో. రేపు రాలేకపోతే భయపడి ఆగిపోయాననుకుంటావని రాసి పిన్ని చేతికిస్తున్నాను.

నిన్న సాక్షుల్లో నా పేరు రాయించొచ్చాను. సాయంత్రానికే మేస్త్రీకి తెలిసిపోయింది. ఇవాళ మధ్యాహ్నం సరుకు దించే చోట పట్టుకున్నారు. తువ్వాలు కాదు, ఈసారి చెక్క పలక. మొదటి దెబ్బకి కుడి భుజం ఎముక టప్పున విరిగింది, ఆ చప్పుడు నాకే వినబడింది. నోరు దానంతటదే తెరుచుకుంది. "ఒకటి," అన్నాను.

ఇరవై ఏళ్ళ తర్వాత, అక్కా.

రెండుకి మోకాలు. మూడుకి మొహం. చిటికెన వేలు మీద బూటు పెట్టి నలుపుతూ, "వీడికీ ఎక్కాలొచ్చాయిరోయ్," అన్నాడు మేస్త్రీ. నాలుగు అన్నాను. నాకు తెలుసు, ఎవరూ రారు. నేను రాలేదు, నాకెవరు వస్తారు? కళ్ళు మూసుకున్నాను.

"అయిదు!" అని వినబడింది.

పిన్ని. కట్టు ఉన్న చెయ్యి ఛాతీకి పట్టుకుని రోలరు దగ్గర నిలబడి అరిచింది. ఆమె వెనక మడతలు పెట్టే ఆడవాళ్ళు. ఆరు. ఎవరో మిషన్లన్నీ ఆపేశారు. లాండ్రీ అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఏడు అనేసరికి దించే కుర్రాళ్ళు, డ్రైవర్లు, గేటు కాపలా ముసలాయన. పలక గాల్లోనే ఆగిపోయింది. ఎనిమిది అందరూ అన్నారు గానీ దెబ్బ పడలేదు.

ఇంత తేలికక్కా ఇది! ఇంతే! ఆ రోజు నేను నాలుగు అని ఉంటే చాలు. ఇంతే!

రేపు వస్తాను. కట్టుతోనే వస్తాను.

---

కుట్టు గది,
శుక్రవారం

పైన ఏమని పిలవాలో తేలక అరగంట కూర్చున్నాను. ఏమీ రాయకుండానే మొదలుపెడుతున్నాను.

నిన్న నువ్వు నన్ను చూడలేదు, తల వంచుకునే కూర్చున్నావు. నేను మాత్రం నిన్నే చూశాను. మొహం గుమ్మడికాయలా వాచి, ఒక కన్ను మూసుకుపోయి ఉంది. జాలి పడలేదు. అబద్ధమెందుకు, కొంచెం పడ్డాను.

వాళ్ళ వకీలు వెటకారంగా, "గోడ అవతల దెబ్బలు అంత కచ్చితంగా ఎలా గుర్తున్నాయయ్యా? రాసుకున్నావా?" అని అడిగినప్పుడు నువ్వు లేచి ఒకటి నుంచి మొదలుపెట్టావు. మామూలుగా చెబుతావనుకున్నాను. అరిచావు. అచ్చం మా వాడి గొంతే. మేస్త్రీ మొదట నవ్వాడు. తొమ్మిదికి నవ్వు పోయింది. పన్నెండు దగ్గర నువ్వు ఆగావు, వాడు ఆగినంతసేపూ ఆగావు. అధికారి కలం కింద పెట్టేశాడు. పంతొమ్మిది అన్నావు.

"తర్వాత?" అన్నాడు అధికారి.

"తెలీదు సార్. డ్రమ్ము నేనే వేశాను," అన్నావు. అందరి ముందూ చెప్పావు.

నా సాక్ష్యం వంతు ఇంకా రాలేదు. వంతు రాకుండా లేవకూడదని అధికారి ముందే చెప్పాడు. లేచాను. "ఇరవై," అన్నాను. నువ్వు ఉలిక్కిపడి వెనక్కి తిరిగావు. ముప్పై నాలుగు దాకా నేను చెప్పాను. ఒక్కొక్కటీ వాడి ఒంటి మీద ఎక్కడుందో చూపిస్తూ చెప్పాను, నా భుజం మీద, నా మోచేతుల మీద. ముప్పై దగ్గర నేను ఆగిపోతే నువ్వు అందుకున్నావు, మిగతావి ఇద్దరం కలిసి చెప్పాం.

అది మా వాడు విని ఉంటే బాగుండేది. ఆ రోజు విని ఉండాల్సింది. దానికి నిన్ను నేను చచ్చేదాకా తిడతాను.

నువ్వు ఆసుపత్రికి వెళ్ళాక జరిగింది చెబుతాను. బాయిలరు గదికి తాళం వేశారు. పోలీసులు మేస్త్రీనీ, ఆ ఇద్దరినీ గేటు దగ్గరే పట్టుకుని జీపెక్కించారు. అధికారి నా ఎదురుగానే కాగితంలో 'జారి పడి' అన్న మాట కొట్టేసి, 'కొట్టి చంపగా' అని రాశాడు. నేను దగ్గరికెళ్ళి చదివి చూసుకున్నాను.

ఇంకో పని ఉంది. భుజానికి ఆ కట్టుతో నీకు మామూలు చొక్కా ఎక్కదు, నిన్న సగం వీపు బయటపెట్టుకుని నిలబడ్డావు. కుడి పక్క కుట్టు విప్పి, తాళ్ళు పెట్టి ఒకటి తయారుచేశాను. మా వాడి గళ్ళ చొక్కాయే, నువ్వు పంపిన రెండిట్లో ఒకటి. ఆదివారం వచ్చి తీసుకెళ్ళు. గేటు దగ్గర నిలబడకు, లోపలికి రా. క్షమించానని కాదు. కొలత సరిపోయిందో లేదో ఒంటి మీద వేసి చూడాలి.